మద్దెల నిజంగా ఓడేనా?

గోల్ఫ్ ఐరన్లు మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు దుకాణంలో కన్నా ముందు సొంత బ్యాగులో వెతకాలి

శనివారం ఉదయం ఆరున్నర. ఎండ ఇంకా ఎక్కలేదు. బంతి ఉన్నచోటు నుంచి జెండా దాకా 150 గజాలు. మధ్యలో చిన్న చెరువు. ''ఆరు తీసుకోండి సార్'' అంటాడు క్యాడీ. ''ఏడు చాలు'' అంటాడు ఆటగాడు. ఇరవై ఏళ్లుగా 150 గజాలకు ఆయన వాడుతున్నది 7వ నంబరు ఐరనే. బంతి లేస్తుంది. అందంగానే లేస్తుంది. అవతలి గట్టుకు నాలుగు గజాల ఇవతల నీళ్లలో పడుతుంది. క్యాడీ ఏమీ అనడు. ఆటగాడు మాత్రం చేతిలోని క్లబ్బును తిప్పి దాని ముఖం వంక చూస్తాడు. నేరస్థుడు దొరికాడు.

గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న హైదరాబాద్ కోర్సులోనైనా, విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్‌లోనైనా, నెమళ్లు తిరిగే ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లోనైనా ఈ దృశ్యం కొత్తది కాదు. తర్వాత జరిగేది కూడా అందరికీ తెలిసిందే. ఆ సాయంత్రం క్లబ్‌హౌస్‌లో కొత్త సెట్ కొన్న మిత్రుడు కనిపిస్తాడు. తన 7వ నంబరుతో 165 గజాలు వెళ్తోందని చెబుతాడు. ఇంటికి వచ్చాక ఇంటర్నెట్‌లో అన్వేషణ మొదలవుతుంది. పేరున్న కంపెనీ తాజా ఐరన్ల సెట్ మన దేశంలో లక్ష రూపాయలు దాటడం మామూలే. ఎక్కువ భాగం దిగుమతి సరుకు కాబట్టి సుంకం, పన్నులు కూడా కొనేవారి నెత్తినే. ''ఏమండీ, ఉన్నవాటికేమైంది?'' అని ఇంట్లో అడిగితే చెప్పడానికి సరైన జవాబు ఉండదు. నిజానికి అడగవలసిన ప్రశ్న అదే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని తెలుగువాడు ఏనాడో తేల్చేశాడు. కానీ ఆ సామెత ఒక చిక్కును దాటవేస్తుంది. కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. కష్టమల్లా అది ఎప్పుడో కనిపెట్టడంలోనే ఉంది.

గోల్ఫ్ బ్యాగులో గరిష్ఠంగా 14 క్లబ్బులు ఉండవచ్చు. అమెరికాలో 1938లో, బ్రిటన్‌లో ఆ మరుసటి ఏడాది వచ్చిన ఈ నిబంధన నేటికీ మారలేదు. ఆ 14లో సగం దాకా ఐరన్లే. సాధారణంగా 4 లేదా 5వ నంబరు నుంచి 9 దాకా, వాటి తర్వాత పిచింగ్ వెడ్జ్. నంబరు పెరిగేకొద్దీ కర్ర పొట్టిదవుతుంది, ముఖం వాలు పెరుగుతుంది, బంతి ఎత్తుగా లేచి దగ్గర్లో పడుతుంది. గ్రీన్ మీదికి బంతిని చేర్చే పని ప్రధానంగా వీటిదే. ఆ పని ఎంత విలువైనదో కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లెక్కగట్టి చూపించాడు. అమెరికన్ పీజీఏ టూర్‌లో అగ్రశ్రేణి ఆటగాళ్లను మిగతావారి కన్నా ముందు నిలబెట్టే ఆధిక్యంలో 40 శాతం గ్రీన్ వైపు కొట్టే దెబ్బలదేనని 2014లో వచ్చిన ఆయన పుస్తకం తేల్చింది. డ్రైవింగ్ వాటా 28 శాతం, పటింగ్ వాటా 15 శాతమే. అంటే ఐరన్ల గురించి ఆలోచించడం వృథా ప్రయాస ఏమీ కాదు. ఆలోచన ఎటు పోతున్నదన్నదే ప్రశ్న.

మిత్రుడి 165 గజాల రహస్యం ముందు చూద్దాం. క్లబ్బు అడుగున చెక్కిన అంకెకు నిబంధనల్లో ఏ అర్థమూ లేదు. ఏడు అంటే ఇన్ని డిగ్రీల వాలు అని ఎవరూ శాసించలేదు. 1970లలో 7వ నంబరు ఐరన్ వాలు సుమారు 38 డిగ్రీలు ఉండేది. 1990ల నాటికి అది 35 దగ్గరికి వచ్చింది. ఇవాళ సగటు ఆటగాళ్ల కోసం తయారయ్యే సెట్లలో 28 నుంచి 30 డిగ్రీలే. ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ మధ్య తేడా దాదాపు నాలుగు డిగ్రీలు. కాబట్టి ఇప్పటి ఏడు అంటే తాతల కాలం నాటి ఐదు. కర్ర కూడా కొంచెం పొడుగైంది. పాత ఐదును పట్టుకుని దాని మీద ఏడు అని రాస్తే బంతి 15 గజాలు ఎక్కువ వెళ్లడంలో వింతేముంది? గోల్ఫ్ వ్యాపారంలో ఉన్నవారే దీనికి ఒక ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ మాటను తెలుగులోకి తెచ్చుకుంటే 'డాబు వాలు' అనాలి.

అలాగని దీన్ని పచ్చి మోసమని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. కంపెనీల వాదనలో పస ఉంది. కొత్త ఐరన్లలో బరువును అడుగుకు, వెనక్కి జరిపారు. ముఖం పల్చనైంది. దాంతో అదే వాలుతో కొట్టినా బంతి మునుపటికన్నా ఎత్తుగా, వేగంగా లేస్తుంది. పాత వాలునే ఉంచితే బంతి గాలిపటంలా లేచి దూరం పోదు. అందుకే వాలు తగ్గించామంటారు. ఇది చాలావరకు నిజం. పాత ఐదును గాల్లోకి లేపలేని ఆటగాడు, అంతే వాలున్న కొత్త ఏడును లేపగలుగుతున్నాడు. అది ఇంజినీరింగ్ సాధించిన విజయమే. అయితే గెలిచింది ఇంజినీరింగ్. అంకె కాదు.

ఈ ఇంజినీరింగ్ కథకు మూలపురుషుడు గోల్ఫ్ కుటుంబంలో పుట్టినవాడు కాదు. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన కార్స్టన్ సోల్‌హైమ్ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజినీరు. నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టాడు. పటింగ్ కుదరక విసిగిపోయి, 1959లో గ్యారేజీలో సొంతంగా ఓ పటర్ తయారు చేసుకున్నాడు. బంతిని తాకినప్పుడు అది చేసిన శబ్దమే పింగ్ కంపెనీకి పేరయింది. ఆయన ఆలోచన చాలా సులువైనది. క్లబ్బు తలలో బరువంతా మధ్యలో పోగుపడితే, బంతి కాస్త పక్కకు తగిలినా తల మెలితిరిగిపోతుంది. అదే బరువును అంచులకు తరిమితే మెలి తగ్గుతుంది. ఆ సూత్రాన్ని ఐరన్లకూ వర్తింపజేసి, వెనుక భాగాన్ని గుంటలా తొలిచాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఐరన్లు ఆ ఆలోచనను లక్షల మంది బ్యాగుల్లోకి చేర్చాయి.

అంతకుముందు మేలైన ఐరన్ అంటే ఎర్రగా కాల్చి సుత్తిపోటుతో మలిచిన బ్లేడే. సన్నగా, నున్నగా, చూడముచ్చటగా ఉండేది. సోల్‌హైమ్ ఐరన్లను మైనపు అచ్చుతో పోతపోశారు. ముందు మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం. ఆదిలాబాద్ ఓజాలు ఇత్తడి బొమ్మలు పోసే పద్ధతి కూడా మూలంలో ఇదే. గుంటలు, వంపులు, అంచుల్లో దాచిన బరువులు సుత్తితో సాధ్యం కావు, పోతలో సాధ్యమవుతాయి. ఈ మార్పు వల్ల సగటు ఆటగాడికి కలిగిన మేలు మామూలుది కాదు. బంతి ముఖం మధ్యలో తగలనప్పుడు బ్లేడు శిక్షిస్తుంది. గుంట ఐరన్ మందలించి వదిలేస్తుంది.

కాబట్టి తొలి పరీక్ష ఇక్కడే పెట్టుకోవచ్చు. బ్యాగులో ఉన్నవి ఎప్పుడో ఎవరో ఇచ్చిన బ్లేడులైతే, ఆటగాడు వారానికోసారి మాత్రమే కోర్సుకు వెళ్లేవాడైతే, మార్చడం విలాసం కాదు. అలాకాకుండా ఐదారేళ్ల కిందటి గుంట ఐరన్లు ఉంటే, వాటికీ ఈ ఏడాది మోడల్‌కూ మధ్య తేడా ప్రకటనల్లో కనిపించినంత కోర్సులో కనిపించదు. బంతి ఎంత వేగంతో ముఖం మీంచి ఎగిరిపడవచ్చో నిబంధనలే ఒక హద్దు గీశాయి. ఆ హద్దుకు దగ్గరపడ్డాక ఏటా పది గజాలు కొత్తగా పుట్టుకురావడం కుదరని పని.

అసలు ఓడు మద్దెల చాలాసార్లు పాతదై ఉండదు, కొలత తప్పినదై ఉంటుంది. మన దగ్గర ఐరన్లు బ్యాగులోకి చేరే దారులు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో అల్లుడు సామానులో పట్టుకొస్తాడు. ఊరు మారుతున్న పై అధికారి అమ్మేసి వెళ్తాడు. తగ్గింపు ధర చూసి ఎవరో తెప్పిస్తారు. చెప్పులు కొనేటప్పుడు కాలు కొలిచి చూసుకునేవారు కూడా, లక్ష రూపాయల ఐరన్లను కొలత లేకుండా తీసుకుంటారు. ఆరడుగుల అమెరికన్ కోసం కోసిన కర్రతో ఐదడుగుల నాలుగంగుళాల మనిషి ఆడితే, బంతిని తాకే క్షణంలో క్లబ్బు మడమ నేలను తాకుతుంది, ముక్కు పైకి లేస్తుంది. కుడిచేతి ఆటగాడి బంతి ఎడమకు పోతుంది. అతడు దాన్ని సరిదిద్దడానికి స్వింగ్‌ను వంకర చేసుకుంటాడు. కొన్నాళ్లకు వంకరే అలవాటవుతుంది. ఆ తర్వాత కోచ్ దగ్గరికి వెళ్తే ఆయన సరిచేసేది స్వింగ్‌ను. లోపం మాత్రం కర్రలోనే మిగిలిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బంతి మీద స్కెచ్ పెన్నుతో నిలువుగా ఓ గీత గీసి, ఆ గీత క్లబ్బు ముఖం వైపు ఉండేలా పెట్టి కొట్టాలి. ముఖం మీద పడిన గీత ముద్ర నిటారుగా ఉంటే కోణం సరిపోయినట్టు. ఒకవైపు ఒరిగితే సరిపోనట్టు. పింగ్ కంపెనీ ఆటగాడి ఎత్తును, మణికట్టు నుంచి నేల దాకా ఉన్న దూరాన్ని బట్టి ఐరన్లకు రంగు చుక్కలు కేటాయిస్తుంది. నల్లచుక్క అంటే ప్రామాణిక కోణం. సుత్తితో మలిచిన మెత్తటి ఉక్కు ఐరన్లనైతే తెలిసిన పనివాడు ఒకటి రెండు డిగ్రీలు వంచి ఇవ్వగలడు. అందుకయ్యే ఖర్చు కొత్త సెట్ ధరలో ఏ మూలకూ రాదు. పోత ఉక్కు అంత తేలిగ్గా వంగదు కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి.

కొలతల్లో రెండో సంగతి షాఫ్ట్. టూర్ ఆటగాళ్లు వాడే ఉక్కు షాఫ్ట్ ఒక్కటే 120 గ్రాములు దాటుతుంది. తేలికపాటి గ్రాఫైట్ షాఫ్ట్ అందులో దాదాపు సగం బరువే తూగుతుంది. ముప్పై ఏళ్ల వయసులో 'స్టిఫ్' అని రాసి ఉన్న షాఫ్ట్ కొన్నవాడు యాభై ఎనిమిదిలోనూ దాన్నే తిప్పుతుంటే, క్లబ్బు ముసలిదైందని అనుకుంటాడు. క్లబ్బుకు వయసు రాదు. మోచేతి నొప్పి, బొటనవేలి కీళ్ల నొప్పి ఉన్నవారికి, స్వింగ్ వేగం తగ్గినవారికి తేలిక షాఫ్ట్‌లున్న ఐరన్లు నిజంగానే ఆటను మరో పదేళ్లు పొడిగిస్తాయి. ఇలాంటివారు కొత్త సెట్ కొనడానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఒప్పుకోవలసింది ఒక్కటే, మారింది ఒళ్లేనని. ఎక్కువమందికి లక్ష ఖర్చుపెట్టడం కన్నా అది ఒప్పుకోవడమే కష్టం.

ఇక అరుగుదల. ఐరన్ల తలలు దశాబ్దాలు నిలుస్తాయి. ముందు పాడయ్యేది గ్రిప్పు. మన ఎండకు, చెమటకు రబ్బరు గట్టిపడి నున్నబడుతుంది. చెయ్యి జారుతుందన్న భయంతో ఆటగాడు బిగించి పట్టుకుంటాడు. బిగిసిన చేతులతో స్వింగ్ సాగదు. గ్రిప్పులు మార్చగానే పాత సెట్ కొత్తదిలా అనిపించడం చాలామందికి అనుభవమే. రెండోది ముఖం మీది గాళ్లు. తడి గడ్డిలో, ఇసుకలో బంతికి స్పిన్ తెచ్చేది అవే. ఎక్కువగా వాడే వెడ్జ్‌ల మీద ఇవి త్వరగా అరుగుతాయి. 5, 6 నంబర్ల మీద అంత త్వరగా అరగవు. కాబట్టి అరిగినది వెడ్జ్ అయితే వెడ్జ్ మార్చాలి, సెట్ మొత్తం కాదు. ఈ గాళ్ల మీదే ఒకప్పుడు పెద్ద రగడ జరిగింది. 2010 జనవరి నుంచి తయారయ్యే క్లబ్బుల్లో గాళ్ల పరిమాణాన్ని, అంచుల పదునును నియంత్రిస్తూ నిబంధన వచ్చింది. అంతకుముందు తయారైన పాత క్లబ్బులను మామూలు ఆటగాళ్లు కనీసం 2024 దాకా వాడుకోవచ్చని అప్పట్లోనే చెప్పారు. పోటీలకు వెళ్లే అలవాటున్నవారు తమ పాత క్లబ్బు ప్రస్తుత అర్హత జాబితాలో ఉందో లేదో ఓసారి చూసుకోవడం మంచిది.

ఇంత విచారణ తర్వాతా కొనాలనే తేలితే, మరో లెక్క మిగిలి ఉంది. దుకాణదారు దాన్ని సాధారణంగా చివర్లో చెబుతాడు. 7వ నంబరు వాలు తగ్గితే దాని పక్కనున్నవి కూడా తగ్గాలి. కొత్త సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకు దిగింది. ఇంట్లో ఉన్న ఇసుక వెడ్జ్ మాత్రం 56 డిగ్రీలే. మధ్యలో పన్నెండు డిగ్రీల గండి. 90 నుంచి 110 గజాల మధ్య ఏ క్లబ్బుతో కొట్టాలో తెలియని పరిస్థితి. దాన్ని పూడ్చడానికి 49, 50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ కొనాలి. అటు చివర 4వ నంబరు వాలు 20 డిగ్రీల దరిదాపులకు చేరి, సగటు మనిషి గాల్లోకి లేపలేని ఇనుప కడ్డీగా మారుతుంది. దాని బదులు హైబ్రిడ్ కొనాలి. అంటే ఏడు క్లబ్బుల ధర చూసి బయల్దేరినవాడు తొమ్మిదింటికి బిల్లు కడతాడు. పైన 15 గజాలు వచ్చాయని సంతోషించేలోపే కింద 20 గజాల గొయ్యి ఎదురవుతుంది.

కొనేముందు పరీక్షించడంలోనూ కొన్ని మెలకువలున్నాయి. పెద్ద నగరాల్లో ఇప్పుడు రాడార్‌తోనో కెమెరాలతోనో బంతి వేగం, లేచిన కోణం, స్పిన్, పడిన కోణం కొలిచే యంత్రాలు అందుబాటులో ఉన్నాయి. వాటి ముందుకు సొంత పాత ఏడును కూడా తీసుకెళ్లాలి. కొత్త ఏడును పాత ఏడుతో పోల్చకూడదు. అంతే వాలున్న పాత క్లబ్బుతో, అది ఐదైనా ఆరైనా సరే, పోల్చాలి. అన్నిటికన్నా దూరం వెళ్లిన దెబ్బను గుర్తుపెట్టుకోవడం మానవ సహజం. దాన్ని పక్కనపెట్టి, పది దెబ్బల్లో ఎన్ని గ్రీనంత వైశాల్యంలో పడ్డాయో లెక్కపెట్టాలి. ముఖ్యంగా బంతి ఏ కోణంలో దిగుతోందో చూడాలి. చదునుగా దిగే బంతి 165 గజాల దగ్గర పడి, మన వేసవి గ్రీన్ల మీద 180 దాకా దొర్లిపోతుంది. ఆగని బంతి ఎంత దూరం వెళ్తే ఏం లాభం? ఇంకో సంగతి. రబ్బరు చాప మీద కొడితే బంతి వెనుక నేలను తాకిన దెబ్బ కూడా బాగానే అనిపిస్తుంది, చాప జారనిస్తుంది కాబట్టి. నిజమైన గడ్డి జారనివ్వదు. వీలుంటే ఒక్క క్లబ్బును అరువు తెచ్చుకుని కోర్సులో ఆడి చూశాకే మిగతావి.

దూరం మీద మోజు ఎంత అర్థరహితమో చూపే అంకె ఒకటుంది. డెన్మార్క్ కంపెనీ ట్రాక్‌మ్యాన్ గతంలో ప్రచురించిన సగటుల ప్రకారం, పీజీఏ టూర్ పురుషుల 7వ నంబరు ఐరన్ బంతి గాలిలో వెళ్లే దూరం 172 గజాలు. ఎల్‌పీజీఏ మహిళలది 141 గజాలు. ప్రపంచంలోకెల్లా మేటి మహిళా గోల్ఫర్లు 141 గజాలకు నిస్సంకోచంగా ఏడు తీస్తుంటే, వారానికోసారి ఆడే మన పెద్దమనిషి 150కి ఏడు చాలంటాడు. టోక్యో ఒలింపిక్స్‌ను గుర్తు తెచ్చుకుంటే ఇంకా స్పష్టమవుతుంది. 2021 ఆగస్టులో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒక్క స్ట్రోకు తేడాతో కాంస్యం చేజార్చుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పోటీలో దూరం కొట్టడంలో ఆమె చివరి వరుసలో ఉంది. తన బంతి ఎంత దూరం వెళ్తుందో ఆమెకు కచ్చితంగా తెలుసు. అంతకన్నా ఎక్కువ వెళ్తుందని తనకు తాను చెప్పుకోదు. తేడా అంతా అక్కడే.

కొత్త సరంజామా అంటే మంచి ఆటేనన్న నమ్మకానికి పైస్థాయిలోనూ పూచీ లేదు. 2019 ఆరంభంలో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న ఇంగ్లండ్ ఆటగాడు జస్టిన్ రోజ్ జపాన్ కంపెనీ హోన్మాతో ఒప్పందం చేసుకుని బ్యాగు మార్చాడు. ఆ జనవరిలోనే అమెరికాలో ఓ టైటిల్ గెలిచాడు. కొత్త క్లబ్బుల మహిమ అనుకున్నారు. 2020లో ఆ బంధం తెగిపోయింది. ఫామ్ పోవడానికి క్లబ్బులే కారణమా కాదా అన్నది ఎవరూ తేల్చలేరు. తేలేది ఒకటే. రోజంతా ప్రాక్టీసు చేస్తూ, ఇంజినీర్లను వెంటబెట్టుకుని తిరిగే ఆటగాడికే మార్పు జూదమైతే, ఆదివారం ఆటగాడికి అది ఖాయమైన లాభం ఎలా అవుతుంది?

కాబట్టి పద్ధతి ఒకటి పెట్టుకోవచ్చు. మొదట గ్రిప్పులు. తర్వాత కోణాలు, కర్ర పొడవు చూపించుకోవడం. తర్వాత మంచి కోచ్ దగ్గర ఐదారు పాఠాలు. ఆ తర్వాత రెండు నెలలపాటు ఒక చిన్న పుస్తకంలో ప్రతి ఐరన్ దెబ్బ గ్రీనుకు ముందు పడిందా, వెనుక పడిందా, ఎడమకా, కుడికా రాసుకోవడం. ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే కొలత తప్పయి ఉండవచ్చు. నలుదిక్కులా పోతుంటే స్వింగ్ తప్పు. దానికి దుకాణంలో మందు లేదు. ఎక్కువ ముందే పడుతుంటే, అందరిలోనూ మామూలుగా కనిపించేది ఇదే, మందు ఇంకా చవక. తన జీవితంలోకెల్లా గొప్ప దెబ్బను దృష్టిలో పెట్టుకుని క్లబ్బు ఎంచుకోవడం మానేసి, ఒక నంబరు తగ్గించి తీయాలి. కంపెనీ చేసింది కూడా చాలావరకు అదే. ఐదును తీసుకుని ఏడని రాసింది. ఆటగాడు ఆ పనిని ఉచితంగా చేసుకోగలడు, అంకెను చూసి సిగ్గుపడకుంటే.

ఇవన్నీ చేశాక కూడా పాత సెట్ సరిపోవడం లేదని తేలినవారు ధైర్యంగా కొనవచ్చు. అప్పుడు పాతదాని సంగతి. మంచం కింద, అటక మీద, కారు డిక్కీలో ఏళ్లతరబడి తుప్పుపట్టే ఐరన్ల సెట్లు మన నగరాల్లో లెక్కకు మించి ఉంటాయి. అవి ఎవరికి చెందాలో ఈ దేశపు గోల్ఫ్ చరిత్రే చెబుతుంది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టైటిల్ నెగ్గిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. 1993లో మళ్లీ గెలిచాడు. బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికన్నా పాతదిగా పేరున్న, 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్లు చూసుకునే ఉద్యోగి కొడుకు శివ్ చౌరాసియా. అరువు క్లబ్బులతో, ఎవరూ నేర్పకుండా, చూసి నేర్చుకున్నాడు. 2008లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. 2016, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ నెగ్గాడు. వాళ్ల తొలి క్లబ్బుల కొలతలు ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ఇంకా ముందే గెలిచేవాళ్లేమో. కానీ చేతికి క్లబ్బంటూ రాకపోయి ఉంటే అసలు గెలిచేవాళ్లే కాదు. ఒకరికి పది గజాలు తక్కువైన సెట్ మరొకరికి జీవితం కావచ్చు.

మళ్లీ శనివారం వస్తుంది. అదే చెరువు, అదే 150 గజాలు. క్యాడీ ఇరవై ఏళ్లుగా ఈ గట్టు మీద బ్యాగు మోసినవాడు. ఎవరి బంతి ఎక్కడ పడుతుందో అందరికన్నా అతనికే బాగా తెలుసు. ''ఆరు తీసుకోండి సార్'' అంటాడు ఎప్పటిలాగే. ఈసారి ఆరు తీసుకుని చూడాలి. బంతి నీళ్లు దాటితే లక్ష రూపాయలు మిగిలినట్టే. దాటకపోతే, మద్దెల సంగతి అప్పుడు ఆలోచించవచ్చు.